కొడుకును పోగొట్టుకున్న ఇంటికి వెళ్లాలి, ఏం మాట్లాడాలి?

గోదావరి_గట్టు
అందరికీ వందనాలు. నేను ఇక్కడ చదవడమే కానీ రాసింది తక్కువ. మా సంఘంలో (చర్చిలో) ఒక కుటుంబం ఉంది. వాళ్లబ్బాయి డిప్లొమా రెండో ఏడు, సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చాడు, కనుమ మర్నాడు బండి మీద వెళ్తుంటే హైవే మీద లారీ గుద్దింది, అక్కడికక్కడే. భూస్థాపనకు ఊరు ఊరంతా కదిలింది. మూడో రోజు ఆదరణ కూడిక పెట్టారు, ముగ్గురు అయ్యగార్లు (పాస్టర్లు) వాక్యం చెప్పారు, భోజనాలయ్యాయి, షామియానా విప్పేశారు. ఇప్పుడు జూన్ వచ్చింది. ఆ ఇంటి గడప తొక్కేవాళ్లు దాదాపు లేరు. వదిన (వరసకు కాదు, అలవాటుగా అలా పిలుస్తాను) ఈస్టర్ తర్వాత చర్చికి రావడం మానేసింది. మొన్న స్త్రీల కూడికలో ఒకావిడ "విశ్వాసంలో చల్లారిపోయింది, ఆమె కోసం భారంతో ప్రార్థించాలి" అన్నారు, అందరూ తలూపారు, చివరికి నన్ను వెళ్లి మాట్లాడి రమ్మన్నారు.

వెళ్తాను. కానీ ఏం చెప్పాలి? ఏ వాక్యం చదవాలి? నాకు తెలిసిన ఆదరణ వాక్యాలన్నీ ఆ మూడో రోజే ఎవరో ఒకరు ఆవిడకు చెప్పేశారు.

తెనాలి_బ్రదర్
వందనాలు సిస్టర్. మంచి భారం తీసుకున్నారు. రోమా 8:28 చదవండి, "సమస్తము సమకూడి జరుగుచున్నవి". మనకు అర్థం కాకపోయినా దేవుని ప్రణాళికలో ప్రతిదానికీ కారణం ఉంటుంది. బైబిల్లోని యోబు గారిని గుర్తు చేయండి, పది మంది పిల్లలు ఒక్క రోజులో పోయినా దేవుణ్ణి దూషించలేదు, చివరికి రెట్టింపు పొందాడు. అలాగే చర్చికి రాకపోవడం వల్ల సాతానుకు చోటిచ్చినట్టవుతుందని ప్రేమగా హెచ్చరించండి. ప్రేమగానే.

ప్రశ్నల_తోమా
బ్రదర్, యోబు చివరి అధ్యాయం ఒకసారి తీసి చూడండి. గొర్రెలు ఏడు వేలు ఉండేవి, పద్నాలుగు వేలయ్యాయి. ఒంటెలు మూడు వేలు, ఆరు వేలయ్యాయి. పిల్లలు మాత్రం ముందు ఏడుగురు కొడుకులు ముగ్గురు కూతుళ్లు, తర్వాతా ఏడుగురు కొడుకులు ముగ్గురు కూతుళ్లే. రెట్టింపు అన్నది పశువుల సంగతి. పోయిన పది మంది పోయినట్టే ఉన్నారు, ఆ తల్లి మళ్లీ పది కాన్పులు పడినా సరే. కొడుకు పోయిన ఆవిడ దగ్గర రెట్టింపు మాట ఎత్తితే ఆవిడకు ఏం వినపడుతుందో ఆలోచించండి.

అదే అధ్యాయం ఏడో వచనంలో దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడు? గుండె బద్దలై అరిచిన యోబు మీద కాదు. కారణాలు చెప్పిన స్నేహితుల మీద.

తెనాలి_బ్రదర్
తోమా గారూ, మరి నోరు మూసుకుని కూర్చోమంటారా? వాక్యం లేకుండా ఆదరణ ఎక్కడిది? లోకస్థులు కూడా వచ్చి కూర్చుని కాఫీ తాగి వెళ్తారు. మనం వాళ్ల కంటే ఎక్కువ ఏం చేసినట్టు?

ప్రశ్నల_తోమా
యోబు 2:13. ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఒక్క మాట కూడా అనకుండా నేల మీద కూర్చున్నారు, అతని బాధ అంత గొప్పదని వాళ్లకు కనబడింది కాబట్టి. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నాలుగో అధ్యాయంలో నోరు తెరిచారు, అంతే. పదహారుకు వచ్చేసరికి యోబు "మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలు కారు" అన్నాడు.

వరంగల్_మార్త
ఇద్దరూ వచనాలతో కొట్టుకుంటున్నారు కాబట్టి నేను మధ్యలో వస్తున్నా. మా పాప డెంగ్యూతో పోయింది, చాలా ఏళ్లయింది. అప్పుడు నాతో అన్న మాటలు ఇప్పటికీ పొల్లుపోకుండా చెప్పగలను. "దేవుడు తనకు నచ్చిన పువ్వునే కోసుకుంటాడు." "ఇంకో బాబు ఉన్నాడు కదమ్మా." "ప్లేట్‌లెట్లు పడిపోతున్నప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సింది." "నువ్వు ఏడిస్తే పాప ఆత్మకు బాధ." అన్నవాళ్లందరూ మంచివాళ్లే, ప్రేమతోనే అన్నారు, కొందరు నాకంటే ఎక్కువ ఏడ్చారు. పువ్వు మాట విన్నప్పుడల్లా నాకు మనసులో అనిపించేది, అంత పెద్ద తోట ఉన్నాయనకు మా పెరట్లో ఉన్న ఒక్కటే కావాల్సి వచ్చిందా అని. పైకి అనలేదు. అంటే ఇంకో ప్రసంగం వినాలి.

నాకు పనికొచ్చినవి చెప్తా. మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉండేది, పెద్దగా చదువు రాదు. స్టీలు క్యానులో చారు, గిన్నెలో అన్నం తెచ్చి వంటింట్లో పెట్టేది, సింకులో ఉన్న అంట్లు తోమేసి, నా వైపు చూసి "వస్తానమ్మా" అని వెళ్లిపోయేది. తినమని బతిమాలలేదు, కూర్చుని నిట్టూర్చలేదు. వారం పది రోజుల్లో ఆగిపోయిన పని కాదది, వానలు వెనకబట్టేదాకా నడిచింది. సండేస్కూల్ టీచర్ ఒకామె పాప పుట్టినరోజు గుర్తుపెట్టుకుని ఫోన్ చేసేది, పాప పేరు పెట్టి మాట్లాడేది, "క్రిస్మస్ డ్రామాలో గొర్రెల కాపరి వేషం వేసి డైలాగు మర్చిపోయి అందరికీ టాటా చెప్పింది గుర్తుందా" అని. మిగతావాళ్లు పేరెత్తితే నేను ఏడుస్తానని ఎత్తేవాళ్లు కాదు. నేను ఎలాగూ ఏడుస్తూనే ఉన్నాను కదా.

ఇంకొకటి. మూడు నెలలకే మహిళా సదస్సులో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. "ఇంత జరిగినా దేవుణ్ణి స్తుతిస్తున్నానని ఒక్క మాట చెప్పండి సిస్టర్, చాలామంది బలపడతారు" అని చేతికి మైకు ఇచ్చారు. దయచేసి ఎవ్వరూ ఆ పని చేయకండి. ఆమె చర్చికి రాకపోవడానికి సగం కారణం ఇలాంటి భయమే అయి ఉండొచ్చు. అక్కడికి వెళ్తే అందరూ ముఖంలోకి చూస్తారు, ఇంకా ఏడుస్తోందా లేదా అని.

తెనాలి_బ్రదర్
అమ్మా, మీ అనుభవానికి ఎదురు చెప్పేంత వాణ్ణి కాను. పువ్వు మాట మా అమ్మ కూడా అంటూ ఉంటుంది, బైబిల్లో అది ఎక్కడ ఉందా అని ఇప్పుడే వెతికాను, లేదు.

ఖమ్మం_కాపరి
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. కాపరిగా, అంటే పాస్టరుగా, ఇటువైపు నుంచి కొంచెం చెప్తాను. తోమా గారి మాట చాలావరకు నిజమే కానీ ఒకచోట ఆగుతాను, మౌనం ఒక్కటే మందు కాదు. యోహాను 11 చూడండి. మార్త, మరియ ఇద్దరూ యేసుతో అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట అంటారు, నీవిక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చావకపోయేవాడని. ఒక రకంగా అది నిష్ఠూరమే. మార్తతో ఆయన మాట్లాడాడు, పునరుత్థానం గురించి చెప్పాడు, ఆమె వాదించింది, ఆయన జవాబిచ్చాడు. అదే మాట మరియ కాళ్ల మీద పడి అంటే వాక్యం ఎత్తలేదు, "అతని నెక్కడ నుంచితిరి" అని అడిగాడు, కన్నీళ్లు విడిచాడు. ఇంకాసేపట్లో వాళ్ల సహోదరుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. ఒకే ఇల్లు, ఒకే చావు, ఇద్దరు అక్కచెల్లెళ్లకు రెండు రకాల ఆదరణ. కాబట్టి గోదావరి సిస్టర్, ముందుగా ఏ వచనం అని నిర్ణయించుకుని వెళ్లొద్దు. ఆమె మాట్లాడితే వినండి, ప్రశ్న అడిగితే తెలిసినంత చెప్పండి, ఏడిస్తే పక్కన ఉండండి.

ఆమే ఏదైనా చదవమంటే కీర్తన 13 చదవండి, "యెహోవా, ఎన్నాళ్లవరకు". 88 కూడా ఉంది, ఆదరణ కూడికల్లో దాన్ని ఎవరూ ముట్టుకోరు, ఎందుకంటే అది చివరిదాకా చీకట్లోనే ఉంటుంది, ఆఖరి వచనంలో కూడా వెలుగు రాదు. అయినా దాన్ని దేవుని ప్రజలు ఆరాధనలో పాడుకున్నారు. చర్చికి రాలేని స్థితిలో దేవుడితో గొడవ పడుతున్న మనిషిని నేను చల్లారిన మనిషి అనను. చల్లారితే గొడవ ఉండదు.

మూడో రోజు ముగ్గురు ప్రసంగించడం గురించి కూడా చెప్పాలి. బంధువుల్లో అన్యులు (క్రైస్తవులు కానివాళ్లు) ఎక్కువమంది వస్తారు, ఈ అవకాశం మళ్లీ రాదు, సువార్త చెప్పేయాలి అని మాలో చాలామందికి ఒక తొందర. దాంతో ఆ కూడిక ఎవరి కోసం పెట్టారో వాళ్లే ముందు వరసలో కూర్చుని, రెండు గంటలు నరకం గురించి వింటారు. మా సంఘంలో ఒక్కరే మాట్లాడాలి, పావుగంట, అదీ కుటుంబంతో. ఫ్లెక్సీలు, రెండు వందల మందికి భోజనాలు కూడా వద్దని పెద్దలతో తీర్మానం చేయించాం. అప్పు చేసి బిర్యానీ పెట్టించి ఆదరణ అంటే ఎలా? ఈ తీర్మానం మీద కొందరు నాతో ఇప్పటికీ మాట్లాడరు.

నర్సు_నైట్‌డ్యూటీ
హైదరాబాద్‌లో పాలియేటివ్ కేర్‌లో పనిచేస్తాను, అంటే నయంకాని జబ్బులవాళ్లకు నొప్పి తగ్గించే విభాగం. సిసిలీ సాండర్స్ అని ఇంగ్లండ్‌లో ఒక విశ్వాసి, ముందు నర్సు, తర్వాత డాక్టర్, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టింది. మా చదువులో ఆమె చెప్పిన సంగతి ఒకటి వస్తుంది, నొప్పి ఒంటిది ఒక్కటే ఉండదు, మనసుది, ఇంటి డబ్బుది, దేవుడితో ఉన్నది, అన్నీ కలిసే మనిషిని పట్టుకుంటాయని. మన విజిటింగ్ టీములు ఆ నాలుగోదాని మీదే పడతాయి. నిద్ర పోతోందా, తింటోందా, ఫీజులు ఎవరు కడుతున్నారు, ఇవి అడిగేవాళ్లుండరు.

ఏలీయా ప్రవక్త చచ్చిపోతాను అని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ముందు ఏం చేసింది? రొట్టె, నీళ్లు. మళ్లీ పడుకోనిచ్చింది. మళ్లీ లేపి మళ్లీ రొట్టె. దేవుడు మాట్లాడింది హోరేబు కొండ దాకా నడిచాక.

గోదావరి అక్కా, మీరు వెళ్లినప్పుడు కొన్ని గమనించండి. అయిదు నెలల దుఃఖం మామూలే, ఏడాదైనా మామూలే. కానీ అసలు మంచం దిగకపోవడం, స్నానం తిండి మానేయడం, "వాడి దగ్గరికి వెళ్లిపోతా" అని పదే పదే అనడం ఉంటే భయపడకుండా సూటిగా అడగండి, చనిపోవాలని అనిపిస్తోందా వదినా అని. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, డాక్టరుకు చూపించండి. టెలి మానస్ 14416 ఉంది, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డిప్రెషన్ మందు వేసుకుంటే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే వాళ్లు బీపీ మాత్ర వేసుకుంటున్నారో లేదో కనుక్కోండి. నా దగ్గరికి వచ్చే క్యాన్సర్ పేషెంట్లలో మార్ఫిన్ వద్దనేవాళ్లు ఉంటారు, ప్రార్థనతోనే నొప్పి పోవాలని బయట ఎవరో చెప్పి పంపిస్తారు. సామెతలు 31:6 చూపిస్తాను, "ప్రాణము పోవుచున్నవానికి మద్యము నియ్యుడి" అని. నొప్పి తగ్గాక వాళ్లే ప్రార్థన చేసుకుంటారు, అప్పటిదాకా మూలుగే ప్రార్థన.

బెరయ_వాసి
అంతా బాగుంది కానీ ఒక అనుమానం. అంట్లు తోమడం, అన్నం పెట్టడం, హెల్ప్‌లైన్ నంబర్లు... ఇలా అయితే సంఘానికీ సేవాసంస్థకూ తేడా ఏమిటి? మన పిలుపు ఆత్మల రక్షణ కదా.

ఒంగోలు_తాత
బాబూ, మా ఊరి సంగతి చెప్తా విను. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు, జనం దారుల్లో పడి చనిపోయారు. క్లౌ దొరగారు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకున్నాడు. దాదాపు మూడున్నర మైళ్లు. జనం వచ్చి మట్టి మోసి కూలి తీసుకుని బతికారు. కాలువ గట్టు మీద బోధ జరిగేది, బాప్తిస్మం ఇవ్వమని వాళ్లు బతిమాలేవాళ్లు, కానీ కరువు ఉన్నంతకాలం ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం కలిశారనే మాట రాకూడదు, అన్నానికి బదులు అడిగినట్టూ ఉండకూడదు. కరువు తగ్గాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ లెక్క మన సభల్లో అందరూ గొప్పగా చెప్తారు, దాని ముందున్న కాలువ మట్టి సంగతి ఎవరూ చెప్పరు.

నీకు ఆత్మల రక్షణ కావాలా, మంచిదే. ముందు మట్టి తట్ట ఎత్తు.

కువైట్_నుంచి
తాతగారికి వందనాలు 🙏 నేను కువైట్‌లో ఇంటి పనిలో ఉన్నాను, మాది కోనసీమ. మా అమ్మ పోయినప్పుడు వెళ్లలేకపోయాను, పాస్‌పోర్టు సేట్ దగ్గర ఉంటుంది, టికెట్ లేదు. వాట్సాప్‌లో భూస్థాపన చూశాను, బాత్రూంలో నిలబడి, శబ్దం బయటికి రాకుండా. గ్రూపులో ఎంతోమంది "ప్రేయింగ్ ఫర్ యూ సిస్టర్" అని చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు, తప్పనను. మా ఫ్రెండ్ ఒకామె మాత్రం రాత్రి పని అయ్యాక ఫోన్ చేసి "అమ్మ గురించి చెప్పు, ఏం కూర బాగా వండేది" అని అడిగింది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు, పులస కాదు గానీ చింతకాయలు వేసి చిన్న చేపలు వండేది అని చెప్పి. దూరంగా ఉన్నవాళ్లు కూడా అంతమాత్రం చేయొచ్చు.

గోదావరి_గట్టు
అందరి మాటలూ చదివాను, కొన్ని రెండుసార్లు. మార్తక్కా, మీకు ఏమని చెప్పాలో తెలీడం లేదు. వదిన దగ్గరికి ఏమీ అనుకోకుండా, ఏదో ఒక కూర పట్టుకుని వెళ్తాను. తెనాలి బ్రదర్ చెప్పిన హెచ్చరిక మాత్రం చేయను, ఏమీ అనుకోకండి.

ఇంకో ప్రశ్న, అన్నయ్య (వదిన భర్త) గురించి. ఆయన ఆటో నడుపుతారు. ఇంతవరకు ఎవరూ ఆయన గురించి అడగలేదు, నేనూ మొదటి పోస్టులో రాయలేదు చూడండి. ఏడవగా ఎవరూ చూడలేదు. స్టాండులో చివర బండి పెట్టుకుని కూర్చుంటారు, బేరం వచ్చినా వేరేవాళ్లకు వదిలేస్తున్నారట.

తెనాలి_బ్రదర్
అనుకోను సిస్టర్. హెచ్చరిక మాట వెనక్కి తీసుకోను గానీ, దానికి ఇది వేళ కాదని ఒప్పుకుంటున్నాను. సామెతలు 25:20 నాకు నేనే చదువుకున్నా, దుఃఖంలో ఉన్నవాడికి పాటలు వినిపించేవాడు చలిరోజున పైబట్ట లాగేసేవాడి లాంటివాడట.

అన్నయ్య గురించి అయితే నేను చెప్పగలను. మా నాన్న అలాగే ఉండేవాడు మా తమ్ముడు పోయాక. మగవాళ్ల దగ్గరికి నలుగురు వెళ్లి చాప వేసుకుని ఎదురుగా కూర్చుంటే బిగుసుకుపోతారు. ఎవరైనా ఒక్కరే ఆయన ఆటో ఎక్కాలి. బజారుకో, సమాధుల దగ్గరికో, ఎక్కడికైనా. పక్కన కూర్చుంటే, కళ్లు రోడ్డు మీద ఉంటే మాట దానంతటదే వస్తుంది. రాకపోతే కిరాయి ఇచ్చి దిగిపోండి, మర్నాడు మళ్లీ ఎక్కండి.

ప్రశ్నల_తోమా
తెనాలి బ్రదర్, ఇది ఇప్పటిదాకా వచ్చిన వాటిలో పనికొచ్చే సలహా. నిజంగా.

కోర్టు_పక్షి
అందరూ ఆత్మ గురించి మాట్లాడుతుంటే నేను కాగితాల గురించి అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. లారీ గుద్దింది అన్నారు. నష్టపరిహారం కేసు వేశారా? మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలని చట్టం మారింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సంక్రాంతికి జరిగింది అంటే మీకు జులై మధ్య దాకానే టైం. ఏడుస్తున్న ఇంట్లో ఇది ఎవరికీ గుర్తుండదు, గుర్తు చేయడానికి మొహమాటం, "కొడుకు ప్రాణానికి డబ్బు అడుగుతారా" అని ఊళ్లో ఒకరు అంటే తండ్రి ఇంక ఆ ఊసెత్తడు. నా దగ్గరికి గడువు దాటాక వచ్చే కుటుంబాలు చాలా.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని గొడవ వస్తే ప్రార్థన చేద్దాంలే అని ఊరుకోలేదు, ఏడుగురిని పేరు పెట్టి ఆ పనికే వేశారు. యోబు దగ్గరికి చివర్లో వచ్చిన బంధువులు కూడా కూర్చుని భోంచేసి, తలా ఒక నాణెం, ఒక బంగారు ఉంగరం ఇచ్చి వెళ్లారు, 42:11. మీ సంఘంలో ఒక్కరికి ఈ పని అప్పగించండి.

గోదావరి_గట్టు
అయ్యో, ఈ గడువు సంగతి మాలో ఎవరికీ తెలియదండి. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ కాపీ ఇచ్చారని తెలుసు, అది అన్నయ్య దగ్గర ఉంది. లారీ దొరికింది. కేసు వేసినట్టు మాత్రం వినలేదు. ఆస్పత్రి దగ్గర ఎవరో ఏజెంటు వచ్చి సంతకాలు అడిగాడట, అన్నయ్య గొడవపడి పంపేశారట. ప్రమాదం జరిగింది పక్క జిల్లాలో, అక్కడికే తిరగాలా? వకీలుకు ఇవ్వడానికి వాళ్ల దగ్గర డబ్బు లేదు.

కోర్టు_పక్షి
పంపేసి మంచి పని చేశారు. అక్కడికి తిరగక్కర్లేదు, వాళ్లు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. డబ్బు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, కాబట్టి తల్లి పేరు మీద దరఖాస్తు పెట్టించండి. ఫోన్‌లో అడగాలంటే 15100. కావాల్సినవి: ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, ఛార్జిషీటు వేసి ఉంటే అది, లారీ ఆర్‌సీ ఇన్సూరెన్సు వివరాలు (స్టేషన్‌లో దొరుకుతాయి), అబ్బాయి కాలేజీ సర్టిఫికెట్, తల్లిదండ్రుల ఆధార్. ఒకవేళ గడువు దాటిపోయినా వదిలేయకండి, వకీలును అడగండి.

పోస్టుమార్టం కాగితం ఆ తల్లి చేత వెతికించకండి, చదవనివ్వకండి. తండ్రి ఒక్కణ్ణీ స్టేషన్‌కు పంపకండి, ఆయన ఆటోలోనే మీలో ఎవరైనా ఎక్కి వెళ్లండి. అసలు కాగితాలు ఎవరి చేతిలోనూ పెట్టొద్దు, జిరాక్సులే ఇవ్వండి. ఏది దొరక్కపోయినా నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, సాయంత్రం కోర్టు అయ్యాక చూస్తాను.